జత పాదం

"రెండు పాదాలూ పట్టా మీద ఉంచండి" అని యంత్రం నాలుగోసారి అంది. చౌడయ్యగారు తనకున్న ఒక్క పాదాన్ని కాస్త ముందుకు జరిపి నా వంక చూశారు.

"రెండోది అడుగుతందమ్మా. యాడ నుంచి తెచ్చేది?" అన్నారు.

యంత్రంలో ఆ గొంతు నాదే. రికార్డింగుకి బయటి నుంచి ఎవరినో పిలవడం దండగని నేనే చదివేశాను. ఇప్పుడు నా గొంతే ఒక ఒంటికాలి మనిషిని పట్టుకుని నాలుగుసార్లు రెండో కాలు అడిగింది. సిగ్గేసి స్విచ్చి ఆపేశాను.

మాది గుంటూరు శివార్లలో షుగరు రోగుల పాదాల మీద పనిచేసే చిన్న పరిశోధనశాల. షుగరు ముదిరిన వాళ్లకి కాళ్లలో స్పర్శ పోతుంది. మేకు దిగినా తెలియదు, చెప్పులో రాయి రోజంతా ఒరుసుకున్నా తెలియదు. తెలిసేసరికి పుండు ఎముక దాకా పోయి ఉంటుంది. అయితే పుండు పైకి కనబడటానికి ముందే, లోపల వాపు మొదలైన చోట చర్మం కొంచెం వేడెక్కుతుంది. ఎడమ పాదంలో ఆ చోటుని కుడి పాదంలో అదే చోటుతో పోలిస్తే విషయం బయటపడుతుంది. తేడా రెండు డిగ్రీలు దాటి రెండు రోజులు నిలిచిందంటే ఆ కాలు నేల మీద మోపకూడదు. ఈ చిన్న లెక్క మీద మేం ఎనిమిదేళ్లు కష్టపడి పాదాల వేడి కొలిచే పట్టా తయారు చేశాం. ఒక కాలు పోయినవాళ్లకే రెండో కాలు పోయే భయం ఎక్కువనీ, వాళ్లకి పోల్చుకోవడానికి ఇంకో పాదం ఉండదనీ మాలో ఒక్కరికీ తట్టలేదు. మా శాలలో మొత్తం ఆరు డాక్టరేట్లు ఉన్నాయి. అందులో ఒకటి నాది.

చౌడయ్యగారిది చీరాల పక్కన పేరాల. గుంటమగ్గం మీద నేసే మనిషి, అరవై రెండేళ్లు. నాలుగేళ్ల కిందట ఎడమకాలు పిక్క దగ్గర తీసేశారు. మోకాలికి ఒక కర్ర కట్టుకుని దాంతో ఒక తొక్కుడు చెక్కని, మిగిలిన కుడికాలితో రెండో చెక్కని తొక్కుతూ ఇంకా నేస్తూనే ఉన్నారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ కుడికాలు కూడా పోతే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే ఆయనకి పొద్దున్నే లేవడానికి కారణం ఉండదు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, ఆయనే అన్నారు. మందు పేరు చెప్పినంత మామూలుగా అన్నారు.

ఆ రోజు ఆయన్ని పంపించేశాక నాకు ఒక ఆలోచన వచ్చింది. సొంత పాదం లేకపోతే ఇంకెవరి పాదంతోనైనా పోల్చలేమా?

మామూలుగా కుదరదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాదం వేడెక్కే తీరు, చల్లారే తీరు మనిషికో రకంగా ఉంటాయి. కానీ అచ్చంగా ఒకే తీరున్న ఇద్దరు ఎక్కడో ఒకచోట ఉండకపోరని నా మొండి నమ్మకం. మా దగ్గర పోగుపడ్డ పదకొండు వందల ఎడమ పాదాల రికార్డుల్ని చౌడయ్యగారి కుడిపాదం రికార్డుకి ఎదురుగా పెట్టి యంత్రాన్ని వెతకమన్నాను. రెండు రోజులు వెతికి ఒకే ఒక్కటి చూపించింది. ఎడమ-17.

పట్టా తయారైన కొత్తలో పరీక్ష కోసం సిబ్బంది పాదాలు కూడా ఎక్కించాం. పదిహేడు నేను.

నా పేరు హిమజ. పేరుకి తగ్గట్టు కాళ్లు కూడా మంచుగడ్డలేనని మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఎగతాళి చేసేది. నాకు నలభై నాలుగేళ్లు. పెళ్లయింది, ఆరేళ్లకి అయిపోయింది. ఆయన బెంగళూరు బదిలీ చేయించుకున్నారు, తర్వాత అక్కడే ఇంకో ఇంటివారయ్యారు. వయసు, ఆడామగా, చదువు, ఊరు, ఇలా పెళ్లిచూపుల్లో చూసేవేవీ మా యంత్రానికి పట్టవు. నా జన్మలో కుదిరిన సంబంధాల్లో ఇంత పక్కాగా కుదిరింది ఇదొక్కటే.

పరిశోధన చేసేవాళ్లు అందులో పాత్రధారులు కాకూడదని నియమం ఉంది. ఆ నియమం కాగితం మీద నా సంతకం కూడా ఉంది. మా డైరెక్టరు పురుషోత్తంగారికి 'ఎడమ-17, స్వచ్ఛందంగా వచ్చిన స్త్రీ' అని మాత్రమే రాసిచ్చాను. అబద్ధమేం రాయలేదని నాకు నేను చెప్పుకున్నాను.

పాదం వేడిని రోజంతా కొలిచే అట్ట అమర్చడానికి దసరా వెళ్లాక పేరాల వెళ్లాను. రేకుల కొట్టం, మధ్యలో గుంట, గుంట మీద మగ్గం. చౌడయ్యగారు గుంట అంచున కూర్చుని, కాలు లోపలికి దించే ముందు తొక్కుడు చెక్కని చేత్తో తాకి కళ్లకద్దుకున్నారు. గుంటలోకి చెప్పులతో దిగరట. చెప్పులో పెట్టుకోవాలని మేం చేసిన అట్ట ఆయనకి పనికిరాదని అక్కడే తెలిసింది. పదిహేను రోజుల తర్వాత పల్చటి మేజోడులాంటి తొడుగు చేసి తెచ్చాను. అది గుడ్డే కాబట్టి ఒప్పుకున్నారు. వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, ఇది నేసినవాడికి అడ్డపోగు పేక కొట్టడం రాదన్నారు.

కొట్టం గోడకి ఒక ఉష్ణమాపకం బిగించాను. తర్వాత ఒప్పంద పత్రం చదివి వినిపించాను. జతగా ఉన్న మనిషి ఎక్కడో దూరంగా ఉంటారనీ, వాళ్ల చెప్పులో ఒక అట్ట ఉంటుందనీ, రెండు పాదాలూ ఒకే నేల మీద ఉన్నట్టు ఉంటేగాని పోలిక కుదరదనీ, అందుకని ఆ అట్ట ఇక్కడి నేల వేడినీ చల్లదనాన్నీ అక్కడ పరుస్తుందనీ చెప్పాను. చౌడయ్యగారు పోగు పరిచే నాడె పక్కన పెట్టి విన్నారు.

"అంటే నా కాలి కింద నేల కాలితే ఆ మనిషికీ కాలిద్దా?"

"మూడోవంతు మాత్రమే తగులుతుందండీ. అంతకు మించి తగలకూడదని నియమం. మిగతాది గోడమీద ఉన్న ఆ మీటరు చూసి యంత్రం లెక్కేసుకుంటుంది."

"ఎండాకాలం మా రేకుల కొట్టం పెనమమ్మా. మూడోవంతయినా పెనం పెనమే గదా."

వాళ్లు తెలిసే ఒప్పుకున్నారని చెప్పాను. ఆడమనిషా మగమనిషా అని అడిగారు. చెప్పకూడదన్నాను. పోనీ వాళ్లకి ఎవరన్నా ఉన్నారా అని అడిగారు. దానికీ చెప్పకూడదనే అనాలి. ఎందుకో నోరు జారింది.

"ఒక్కరే ఉంటారని విన్నాను" అన్నాను.

ఆయన తొడుగు వేసుకుని కాలు గుంటలోకి దించారు.

మర్నాడు తొమ్మిది గంటలకి నేను బల్ల ముందు కూర్చుని టీ తాగుతుంటే నా ఎడమ అరికాలి కింద నేల మారింది. చల్లగా, అణిగిన మట్టిలాంటి చల్లదనం. ఆయన గుంటలోకి దిగారు. ఇలా జరుగుతుందని నాకు తెలుసు, దీన్ని తయారు చేసింది నేనే. అయినా కప్పు కింద పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

కొద్దిరోజుల్లోనే ఆయన దినచర్య నాకు కంఠతా వచ్చేసింది. పన్నెండింటికి భోజనానికి లేచినప్పుడు గచ్చు, నాలుగింటికి టీకొట్టు దాకా నడిచినప్పుడు తారురోడ్డు వెచ్చదనం. తిరిగి వచ్చి మళ్లీ గుంట. అమావాస్యనాడు మగ్గం ముట్టుకోరు కాబట్టి ఆ రోజు నా కాలి కింద గుంట ఉండదు. తిథులు ఏనాడూ చూడని నాకు కాలెండరు అక్కర్లేకుండా అమావాస్య తెలియడం మొదలైంది. ఆదివారాలు ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆ చెప్పులు విడిచేదాన్ని కాదు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు నాది. పొద్దున వండింది సాయంత్రం తింటాను, టీవీ పెట్టుకుని దాని వంక చూడను. అలాంటి ఇంట్లో ఒక కాలు ఇంకో చోట ఉండటం ఎంత హాయో చెబితే నవ్వుతారు. ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరూ లేరు కూడా.

జనవరిలో యంత్రం తొలిసారి గంట కొట్టింది. బొటనవేలి మొదట్లో తేడా రెండున్నర, రెండు రోజులుగా. వెంటనే పేరాల వెళ్లి చూస్తే పైకి ఏమీ లేదు. తొక్కుడు చెక్కకి ఉన్న తాడు ముడి సరిగ్గా అక్కడే ఒరుసుకుంటోంది. ముడికి మెత్తటి గుడ్డ చుట్టించి ఎనిమిది రోజులు కాలు మోపొద్దన్నాను. చౌడయ్యగారు గొణిగారుగాని మాట విన్నారు. ఎనిమిదో రోజుకి తేడా అరడిగ్రీకి దిగింది. ఒంటికాలి మనిషికి రాబోయే పుండుని ముందే పసిగట్టి ఆపడం మా శాలలో అదే మొదలు. పురుషోత్తంగారు మిఠాయి తెప్పించి అందరికీ పంచారు.

నాకు మాత్రం ఆ ఎనిమిది రోజులూ నరకం. కాలి కింద ఏమీ లేదు. ఆయన మంచం మీద ఉన్నారు, కాలు గాల్లో ఉంది. వాపు తగ్గాలని కోరుకున్న మాట నిజమే, కానీ అంతకన్నా ముందు ఆయన మళ్లీ గుంటలోకి దిగాలని కోరుకున్నాను. దిగిన రోజు పొద్దున నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక్కడే నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది.

నెలకోసారి వెళ్లి కాలు కళ్లారా చూడాలన్నది మా పద్ధతి. ఫిబ్రవరిలో వెళ్లాను. మార్చిలో ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చారు, కుదరలేదు. ఏప్రిల్లో కుదిరేదే. రోజంతా నా కాలి కిందే ఉన్న మనిషిని చూడటానికి బస్సెక్కడం ఎందుకులే అనిపించింది. వెళితే ఆయనకి నేను పరాయిదాన్ని, మేడమ్‌ని. ఇక్కడుంటే కాను.

ఏప్రిల్ చివరి వారంలో గుంట ఒక్కసారిగా చల్లబడింది. మామూలు చల్లదనం కాదు, కుండలో నీళ్లలాంటిది. బస్టాపు నుంచి శాల దాకా అర కిలోమీటరు నడక. మధ్యాహ్నం డ్యూటీ రోజుల్లో ఆ దారంతా కుడికాలు ఎండలో, ఎడమకాలు నీడలో నడిచేవి. కాలు మనకన్నా సుఖపడుతోందని నాలో నేను నవ్వుకునేదాన్ని. తెర మీద తేడా మైనస్ రెండు చూపించేది, అంటే ఆయన పాదం నా పాదం కన్నా రెండు డిగ్రీలు చల్లగా ఉందని. మా యంత్రానికి వేడి ఒక్కటే ప్రమాదం. చల్లదనాన్ని పట్టించుకోదు. పట్టించుకోనక్కర్లేదని దానికి నేర్పింది నేనే.

రెండు వారాలు అలాగే నిలిచి, తర్వాత ఆ మైనస్ రెండు రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. ఒకటిన్నర అయింది, ఒకటి అయింది. పదకొండో రోజున సున్నా. బొటనవేలి మొదటి నుంచి మడమ దాకా ఎక్కడ చూసినా ఇద్దరి పాదాలకీ వెంట్రుకవాసి తేడా లేదు. అంత అందమైన తెరని నేను అంతవరకు చూడలేదు. ఫోనుతో ఫోటో తీసుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఫోటోని ఆ రోజు చాలాసార్లు తీసి చూసుకున్నాను.

రెండు రోజులాగి ఆదెమ్మ ఫోను చేసింది. ఆదెమ్మ చౌడయ్యగారి పక్కింటావిడ, ఆయన మగ్గానికి నూలు కండెలు చుడుతుంది.

"మేడమ్, గుంటలోకి చీమలు బారు కట్టినయ్యి. ఇసకలో ఏముందా అని చూస్తే బావగారి కాలు. ఆయనకి తెలియనే తెలియదు, నేస్తానే ఉన్నాడు."

నేను తెర వంక చూశాను. సున్నా.

చీరాలలో డాక్టర్లు చూసి గుంటూరు పంపించారు. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి పుండు ఎముక దాకా పోయిందని, విషం పైకి ఎక్కుతోందని చెప్పారు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆదెమ్మ వరండాలో కూర్చుని, నెల రోజులుగా బావగారు గుంటలో ఇసుక పోయించి పూటపూటా నీళ్లు చల్లుతున్నాడని చెప్పింది. ఎండాకాలం మగ్గం మీది పడుగు పోగులు ఎండి తెగిపోకుండా గుంటలో తడి ఉంచడం నేతగాళ్లకి తాతల నాటి అలవాటే. కాలు తడపకండని నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. తడికి చర్మం మెత్తబడుతుంది, మెత్తబడ్డ చర్మాన్ని తాడు ముడి కోస్తుంది. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కోపం నాకు ఊరటగా కూడా ఉంది. నాలుగు పోగుల కోసం కాలు పోగొట్టుకున్నాడు, నేనేం చెయ్యను అనుకోవడానికి ఒక దారి దొరికింది.

లోపలికి తీసుకెళ్లే ముందు చూశాను. జ్వరంతో పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టారు.

"ఆ మనిషికి చెప్పమాకండమ్మా. తన వల్లేనేమో అనుకుంటారు" అన్నారు.

ఆ మాటకి అర్థం నాకు అప్పుడు తెలియలేదు. తలూపాను.

కుడికాలు కూడా పిక్క దగ్గర తీసేశారు.

శాలకి వచ్చి పదమూడు రోజుల రికార్డు ముందేసుకున్నాను. గోడమీది మీటరు కొట్టంలో నలభై ఒక్క డిగ్రీలని చెబుతోంది. గుంటలో తడి ఇసుక ఉందని దానికి తెలియదు. తడి పాదాన్ని రెండు డిగ్రీలు చల్లబరిచింది, కింద మొదలైన వాపు రెండు డిగ్రీలు వేడెక్కించింది, రెండూ కలిసి సున్నా అయింది. మైనస్ రెండు నుంచి సున్నాకి పాకిన ఆ గీత నిజానికి పుండు ఎక్కివచ్చిన మెట్లు. పదకొండు మెట్లు. రోజుకొకటి చొప్పున అన్నీ నా కళ్లముందే ఎక్కింది, చివరి మెట్టుని నేను ఫోటో తీసుకున్నాను. ఏప్రిల్ చివర్లోగాని మే మొదట్లోగాని ఒక్కసారి బస్సెక్కి ఉంటే ఇసుక కనిపించేది.

ఎడమ-17 ఎవరో చెప్పి పురుషోత్తంగారికి అంతా రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. పరికరం పరిమితి అని నివేదికలో రాస్తానని, నన్ను జతల విభాగం నుంచి తప్పిస్తానని, జత రద్దు చేసే కాగితం మీద సంతకం పెట్టి ఇమ్మని అన్నారు. గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. కాగితం తెచ్చి సొరుగులో పెట్టుకున్నాను. చెప్పులో అట్ట మాత్రం తియ్యలేదు. చచ్చిపోయినవాళ్ల నంబరు ఫోనులోంచి తియ్యలేం చూడండి, అలా.

ఆపరేషన్ అయిన ఇరవయ్యో రోజు పొద్దున తొమ్మిదింటికి నా ఎడమ అరికాలు చల్లబడింది.

అదే చల్లదనం, కుండలో నీళ్లలాంటిది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పాదం లేదు. ఆయన పాదం నేలమీద మోపడానికే కాదు, ఈ లోకంలోనే లేదు. ఏదో లోపమనుకుని అట్ట తీసి పరీక్షించాను, బాగానే ఉంది. పన్నెండింటికి మళ్లీ, నాలుగింటికి మళ్లీ. మర్నాడూ అంతే. కాలు తీసేసినవాళ్లకి లేని కాలు నొప్పెడుతుందంటారు. ఆయన కాలు పోతే నాకు ఆ భ్రమ పట్టుకుందా అని భయమేసింది. మూడో రోజు సొరుగులోంచి రద్దు కాగితం తీసుకుని పేరాల బస్సెక్కాను. ఆయనకి నిజం చెప్పి, సంతకం పెట్టేసి వద్దామనుకున్నాను.

జూన్ రెండో వారం, ఎండ ఏమాత్రం తగ్గలేదు. కొట్టంలో మగ్గం ఖాళీగా ఉంది. సగం నేసిన పడుగుని ఇంకెవరో నేతగాడికి ఇచ్చేశారట. చౌడయ్యగారి మంచం గుంట పక్కకి జరిపి ఉంది. ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. మోకాళ్ల మీద దుప్పటి, దుప్పటి కింద నుంచి అంతా చదును. చిక్కిపోయారు. నన్ను చూసి రామ్మా అని పలకరించారు, ఎండన పడి వచ్చానని ఆదెమ్మతో మజ్జిగ ఇప్పించారు.

మజ్జిగ తాగుతూ గుంటలోకి చూశాను. ఇసుక తడిగా ఉంది. ఆ తడి ఇసుక మీద, కుడి తొక్కుడు చెక్క పక్కన, మా తొడుగు పరిచి ఉంది. ఆసుపత్రిలో ఆయన బట్టలతో పాటు సంచిలో పెట్టి ఇచ్చిన తొడుగు. నాకు భ్రమ పట్టలేదు.

మగ్గం ఆగిపోయింది కదా, పోగులు లేవు కదా, ఇసుకకి ఇంకా నీళ్లెందుకని అడిగాను. గొంతులో కాస్త కటువు ధ్వనించే ఉంటుంది. ఆదెమ్మ నాకూ అదే అర్థం కావట్లేదన్నట్టు చేతులు తిప్పింది.

"పోగులకి కాదమ్మా" అన్నారు చౌడయ్యగారు. "పోగులకైతే ఎడమకాలు పోయిన కాణ్ణించీ పోయట్లా. కాలు పొడిగా ఉంచుకోమన్నారని అప్పుడే మానేశా. నూలు తెగితే ముడేసుకుంటా, అదేమన్నా లెక్కా."

"మరి?"

"ఆ మనిషికి. ఎండలు ముదిరినయ్యి, గుంట కాగిపోతంది. నాకైతే తెలియదు, నా కాలికి స్పర్శ లేదు. తనకి ఉందిగా. ఒక్కరే ఉంటారని మీరే చెప్పితిరి. ఒంటి మనిషికి కాళ్లు మంటలెత్తితే నీళ్లు తెచ్చిచ్చే వాళ్లెవరు? మనూరి ఎండ ఆ మనిషికెందుకని పోసినా. ఇట్టా అయిద్దని తెలవదు గదా."

నేను గ్లాసు కింద పెట్టాను. ఆయన నన్ను చూడటం లేదు, గుంటలోకి చూస్తున్నారు.

"కాలు పోయిందని చెప్పలేదుగా మీరు?"

లేదన్నాను.

"మంచిపని చేశారు. ఇంటికి రాంగానే ఆ తొడుగు ఇసకలో పెట్టి ఆదెమ్మతో పోయిస్తన్నా. ఉన్నట్టుండి ఆగిపోతే ఏమనుకుంటారో, బెంగపెట్టుకుంటారో. వానలు పడేదాకా పోయించి, తర్వాత రోజుకి కాసిని తగ్గించుకుంటా నిదానంగా ఆపుదామని." అడగాలా వద్దా అన్నట్టు అడిగారు. "ఇంతకీ చల్లగా ఉంటందంటనా? మీకేమన్నా తెలిసిందా?"

రద్దు కాగితం నా చేతి సంచిలో ఉంది. చెప్పాలనుకున్న మాటలన్నీ బస్సులో వరుసగా పేర్చుకున్నాను, నాదే తప్పని, రావలసిన నెలల్లో రాలేదని, పదకొండు రోజులు చూస్తూ కూర్చున్నానని. ఒక మనిషి కోసం నీళ్లు పోసి ఆయన కాలు పోగొట్టుకుంటే, ఆ నీళ్లని నేను నెల రోజులు హాయిగా అనుభవించాను. అది ఏ మాటల్లో చెబుతారు?

గుంట అంచున కూర్చుని చెప్పులు విప్పాను. ఎడమ చెప్పులోంచి అట్ట తీసి ఆయన మంచం మీద, దుప్పటి పక్కన పెట్టాను. నేతగాళ్లు గుంటలోకి చెప్పులతో దిగరు. తొక్కుడు చెక్కని తాకి కళ్లకద్దుకుని కాళ్లు లోపలికి దించాను. ఎడమకాలు తొడుగు మీద మోపాను. తొడుగు కింద ఇసుక తడి పైకి ఊరి అరికాలికి తగిలింది. ఈసారి మూడోవంతు కాదు, మొత్తం.

ఆయన అట్టని చేతిలోకి తీసుకున్నారు. తొడుగుని చూసినట్టే దాన్నీ వెలుతురుకి ఎత్తి చూశారు. తర్వాత నా కాలి వంక చూశారు.

"చల్లగా ఉంది చౌడయ్యగారూ" అన్నాను. "రోజూ చల్లగానే ఉండేది."

ఏడుపు వచ్చింది. ఎవరో ఒకరి ముందు ఏడిచి నాకు ఏళ్లయింది.

ఆయన ఎందుకు దాచారని అడగలేదు, పరవాలేదనీ అనలేదు. ఆదెమ్మ చేతిలోని చెంబు ఇటివ్వమని అడిగి తీసుకుని, ఒక చేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకుని గుంటలోకి వంగి, నా కాలి పక్కన ఇంకాసిని నీళ్లు పోశారు.